తెలుఁగునాఁట సర్వచేతనవాదము

జగత్తునందలి సమస్త పదార్థములకును ఎంతో కొంత చైతన్యము గలదను మతమునకు సర్వచేతనవాదమని పేరు పెట్టవచ్చును. పాశ్చాత్యదేశములందు నీ మతము మరలఁ దల యెత్తినది. శరీరమున జరుగు భౌతికవ్యాపారములకు అనుభవమేల తోడగుచున్నదను ప్రశ్నకు డేవిడ్ చామర్స్ 1995 వ సంవత్సరమున 'కఠినసమస్య' యని పేరిడెను. భౌతికపదార్థమే సత్యమనువాఁడు తన మతమును తుదిదాఁక నడపినచో సర్వచేతనవాదమునే చేరవలయునని గేలెన్ స్ట్రాసన్ 2006 వ సంవత్సరమున వాదించెను. ఈ వార్తలు చెవినిఁ బడినది మొదలు, 'ఇది యంతయు మన పూర్వుల సిద్ధాంతమే. శిలకును మ్రానికిని చైతన్యము గలదని మన శాస్త్రములన్నియు ఏకకంఠముగాఁ జెప్పినవి' యను మాట సభలయందును బాఠశాలలయందును దఱచుగా వినవచ్చుచున్నది. ఈ మాటలోఁ గొంత నిజమును, నంతకు మించిన పొరపాటును గలవు. మన శాస్త్రములు ఈ విషయమున ఏకకంఠములు గావు. వాని నొక్క గొంతుకగాఁ జేయుట వానిని గౌరవించుట గాదు, వినకుండుట. కావున నా గ్రంథములు వాస్తవముగా నేమి చెప్పినవో, తెలుఁగునాఁట నీ వాదము ఏ రూపమున నిలిచినదో విచారించుట యుక్తము.

ఈ విచారమునకు హైదరాబాదునకుఁ దూర్పునఁ గల బాట యొకటి చక్కని సాధనము. ఉప్పల్ దాఁటి పోచారము, ఘటకేశ్వరము మీఁదుగా వరంగల్లునకుఁ బోవు నీ బాట ప్రక్కను భువనగిరియు, యాదగిరిగుట్టయు, ఆలేరునకు సమీపమునఁ గొలనుపాకయు, జనగామ దాఁటిన పిదపఁ బాలకుర్తియు బమ్మెరయు, తుదకు హనుమకొండయు నున్నవి. జైనులు, వీరశైవులు, వైష్ణవులు, గ్రామదేవతల నుపాసించువారు - వీరందఱును ఱాతిని జూచి చైతన్యమును గూర్చి యేదో యొకటి తలఁచినవారే. అయినను వారు తలఁచినది యొకటి గాదు. ఆ భేదమును గుర్తించుటకుఁ బూనిక వ్యాకరణశాస్త్రముననే లభించుచున్నది.

అష్టాధ్యాయి మూఁడవ యధ్యాయము ప్రథమపాదమున నేడవ సూత్రము ఇచ్ఛార్థమున ధాతువునకు సన్ ప్రత్యయమును విధించుచున్నది. చేయఁగోరువాఁడు, పోఁగోరువాఁడు అను నర్థము లీ ప్రత్యయముచేఁ గలుగును. అయితే లోకమున ఏటిగట్టు పడఁగోరుచున్నదనియు, ఱాయి దొర్లఁగోరుచున్నదనియు నిదే ప్రత్యయముతోఁ బ్రయోగము గలదు. గట్టునకుఁ గోరిక యెక్కడిది? ఈ చిక్కును దీర్చుటకు వార్త్తికకారుఁడు నాలుగు మార్గములు చూపెను. క్రీస్తునకుఁ బూర్వము రెండవ శతాబ్దమువాఁడని తలఁపఁబడు పతంజలి వానిని వివరించెను.

మొదటిది: అచేతనముల విషయమున 'అట్లగునేమో' యను శంకార్థమునఁ బ్రత్యయమును వేఱుగా విధించుకొనవలెను. ఇది మాటకు మాత్రము సంబంధించిన యేర్పాటు. గట్టునకు మనస్సుండుట లేకుండుటలతో దీనికిఁ బని లేదు. రెండవది: వేఱుగా విధింప నక్కఱలేదు; ఇచ్ఛను మనము తెలిసికొను తీరు రెండుచోట్లను సమానమే. చాప యల్లఁగోరువాఁడు తన కోరికను చాటించుచుఁ దిరుగఁడు; చేతఁ ద్రాడును గడ్డియు మేకును జూచి మన మతని కోరిక నూహింతుము. అట్లే పడనున్న గట్టునందు మట్టిబెడ్డలు రాలును, బీటలు పాఱును. ప్రవృత్తిని బట్టి యిచ్ఛను గ్రహించుట యుభయత్ర సమానము. మూఁడవది: ఇది యుపమానముచే సిద్ధించును, గట్టు కోరుచున్నట్లున్నదని భావము. నాలుగవది: అన్నిటికిని చైతన్యముండుటచేత నసలు చిక్కే లేదు. ఈ తుదిపక్షమునకుఁ బతంజలి చూపిన యుదాహరణములు గమనింపఁదగినవి: రాత్రి నిద్రించు దిరిసెనచెట్టు, సూర్యు ననుసరించి తిరుగు సువర్చల, అయస్కాంతమువైపు నడచు నినుము, ఱాళ్ళను వినుఁడని పిలిచిన ఋషి. సువర్చలను నేఁటి ప్రొద్దుతిరుగుడుగా భ్రమింపరాదు; ఆ మొక్క అమెరికాఖండమునుండి వచ్చినది.

కావున సర్వచేతనవాదము మన శాస్త్రమున నున్నమాట నిజమే. రెండువేల యేండ్లకుఁ బూర్వమే యుండెను. కాని యది నాలుగు పక్షములలో నొకపక్షముగా, 'కానిచో నిదియుఁ జెప్పవచ్చును' అను వికల్పముగా నుండెను. మిగిలిన మూఁడింటిని మఱచి నాలుగవదానినే యుదాహరించువాఁడు భాష్యమును సగము చదివినవాఁడు గూడఁ గాఁడు, పాతికపాలు చదివినవాఁడు. ఈ నాలుగును వ్యాకరణమునకే పరిమితములు గావు. శబ్దవ్యవహారము, ప్రవృత్తిమూలకమగు ననుమానము, సాదృశ్యము, సాక్షాత్ చైతన్యము - చేతనాచేతన వివాదమున నెవ్వ రేమి చెప్పినను ఈ నాలుగింటిలో దేనినో యొకదానిని జెప్పుచుందురు. ఏది చెప్పుచున్నారో తెలిసికొనకపోవుటయే సంకరమునకు మూలము.

తెలుఁగుభాష యీ విషయమున వేఱొక త్రోవఁ ద్రొక్కినది. గట్టు పడఁబోవుచున్నదని మన మందుము. కుక్క చావఁబోవుచున్నదని యందుము. ఇచట సహాయముగా వచ్చిన ధాతువు పోవుట, కోరుట గాదు. అందుచేఁ గాత్యాయనుని చిక్కు తెలుఁగువానికిఁ బుట్టనే లేదు. చేతనాచేతనములకు నడుమ గట్టి గీఁత గీయుటయుఁ దెలుఁగునకు స్వభావము గాదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున నిర్వచించిన యమహత్తునందుఁ దిర్యక్కులును జడములును గలసియే యున్నవి. ఆవు వచ్చినది, బండి వచ్చినది - క్రియ యొకటే. గీఁత ప్రాణమునకును జడమునకును నడుమ లేదు. మఱియొక విశేషము గలదు. తలుపు రాననుచున్నది, బండి కదలననుచున్నది అని యింటింటను వినఁబడును. జడమునకు నుత్తమపురుషమున మాట నొసఁగి, దానిచే 'నేను కదలను' అనిపించు పలుకుబడి యిది. ఇంతమాత్రమునఁ దెలుఁగువారందఱును సర్వచేతనవాదులని తేల్చినచో మొదటి పక్షమును నాలుగవ పక్షముగా భ్రమించుటయే యగును. వాడుక సిద్ధాంతము గాదు. సిద్ధాంతమునకు బీజము కావచ్చును.

సిద్ధాంతముగా నిట్టి మతమునకు మిక్కిలి సమీపించినవారు జైనులు. తెలంగాణమున జైనము ప్రబలిన కాలమునకు సాక్ష్యములు పెక్కు గలవు. పంపకవి సోదరుఁడగు జినవల్లభుఁడు పదవ శతాబ్దమున వేయించిన కుర్క్యాల శాసనమునఁ దెలుఁగు కందపద్యములున్నవి. హనుమకొండ పద్మాక్షిగుట్టపైఁ గాకతి ప్రోలుని మంత్రి బేతన భార్య మైలమ 1117 వ సంవత్సరమున జినాలయమును గట్టించెను. కొలనుపాకలోని యాదినాథుఁడు మాణిక్యస్వామి యను పేరఁ బ్రసిద్ధుఁడు. పదునాలుగవ శతాబ్దమున జినప్రభసూరి వివిధతీర్థకల్పమున నీ క్షేత్రమును వర్ణించెను. పోచారముమీఁదుగా నీ బాటను దూర్పునకుఁ బోవు జైనయాత్రికుల గమ్యము నేఁటికిని నిదియే.

జైనులు జీవులను ఇంద్రియసంఖ్యను బట్టి విభజించిరి. స్పర్శేంద్రియము మాత్రమే గల యేకేంద్రియములలో వృక్షాదులతోఁబాటు పృథివిని, జలమును, అగ్నిని, వాయువును శరీరముగాఁ గల జీవులు గూడఁ జేరును. అనంతపురము జిల్లాలోని కోనకొండ్లకు సంబంధించినవాఁడని ప్రసిద్ధి గల కుందకుందాచార్యుఁడు పంచాస్తికాయమునఁ జేతనను మూఁడు విధములుగా విభజించెను. స్థావరములు కర్మఫలమును మాత్రము అనుభవించును. జంగమములు కర్మము చేయుటను సైత మెఱుఁగును. ముక్తులు శుద్ధజ్ఞానమునే యనుభవింతురు. చైతన్యమునకుఁ దరతమభేదములు గలవనియు, మిక్కిలి తక్కువది గూడ శూన్యము గాదనియు నింత స్పష్టముగాఁ జెప్పిన ప్రాచీనగ్రంథము లరుదు. అయినను జైనమును గేవల సర్వచేతనవాదమనరాదు. అందుఁ బుద్గలమను భూతద్రవ్య మజీవమే. మన్ను తానుగాఁ జేతనము గాదు. మన్నును శరీరముగాఁ గొన్న జీవము చేతనము. కావుననే కాఁచిన నీరు నిర్జీవమని యెంచి జైనసాధువులు దానినే త్రాగుదురు. సమస్తమును సమానముగాఁ జేతనమే యైనచో కాఁచిన నీటికిని గాఁచని నీటికిని భేదముండదు, అహింసకు హద్దుండదు, హద్దు లేని వ్రత మాచరణమునకు రాదు. వారి సూక్ష్మవిభాగము కేవల పాండిత్యము గాదు. వా రడుగు పెట్టుటయు నీరు త్రాగుటయు దానిపై నాధారపడియున్నవి.

అదే కొలనుపాక వీరశైవులకును బుణ్యస్థలము. అచటి సోమేశ్వరలింగమునుండి రేణుకాచార్యుఁ డుద్భవించెనని వారి సంప్రదాయము. దానికిఁ బశ్చిమమున యాదగిరిగుట్టపై నృసింహుఁడు వెలసియున్నాఁడు. ఆ స్వామి కంబమునుండి వెడలిన కథను దెలుఁగు చేసిన పోతన నివసించిన బమ్మెర యిదే బాటకు సమీపమునఁ గలదు. ఇఁక గ్రామగ్రామమున వేఁపచెట్టు నీడను ఱాతిరూపమునఁ బోచమ్మ యున్నది. ఆషాఢమున నామెకు బోనము లెత్తుదురు. ఇవన్నియు శిలాచైతన్యమునకు సాక్ష్యములని చెప్పువారు గలరు. నిదానించి చూచినచో నట్లు గాదు. లింగమునుండి యుద్భవించినవాఁడు చేతనుఁడు. లింగశిల తానుగా జ్ఞాత యని కథ చెప్పదు. కంబమునందుఁ బరమాత్మ యంతర్యామిగా నుండెను. కంబమునకు హిరణ్యకశిపుని గూర్చి యేమియుఁ దెలియదు. రామానుజమతమున నచిత్తు పరమాత్మకు శరీరము; శరీరమైనంత మాత్రమున నది జ్ఞాత గాదు. ఱాయి స్వభావముచేతనే చేతనమైనచో నాలయమునఁ బ్రాణప్రతిష్ఠ యేల? వేఁపచెట్టు క్రిందను మ్రొక్కు స్త్రీ ప్రక్కనున్న వేఱొక ఱాతిని నిశ్శంకముగాఁ ద్రొక్కుచునే పోవును. ఆమె మ్రొక్కినది ఱాతికిఁ గాదు, తల్లికి. దేవుఁ డంతటను గలఁడనుట వేఱు, అన్నియు నెఱుఁగునవియే యనుట వేఱు.

వేదాంతమున నీ చర్చ బ్రహ్మసూత్రముల రెండవ యధ్యాయము ప్రథమపాదమునఁ గలదు. జగత్తునకుఁ గారణము చేతనమగు బ్రహ్మమైనచో జగత్తు గూడఁ జేతనమే కావలయునుగదా యను నొక పక్షమును శంకరభాష్య మచట నెత్తుకొన్నది: నిద్రయందును మూర్ఛయందును మనుష్యుని చైతన్యము వెల్లడి గానట్లే కాష్ఠలోష్ఠములందును జైతన్యము వెల్లడి గాకయున్నదని యా పక్షము. సర్వచేతనవాదమునకు మన వేదాంతగ్రంథములలో నింతకంటె స్పష్టమగు రూపము కనఁబడదు. నేఁటి యుపన్యాసకులు కొందఱు దీనిని శంకరుల సిద్ధాంతముగాఁ జూపుచున్నారు. కాని యీ మాట వచ్చినది సాంఖ్యుని పూర్వపక్షము నడచు సందర్భమున. అచటనే యిది నిరాకరింపఁబడినది. మన్ను పలికెను, జలములు పలికెను అను శ్రుతులలోఁ బలికినవి మృజ్జలములు గావు, తదభిమానిదేవతలని తరువాతి సూత్రమున సమాధానము. సిద్ధాంతమునఁ జేతనుఁడగు పురుషునినుండి యచేతనములగు కేశనఖములు పుట్టుట కనఁబడుచున్నది కావున, జగత్తును జేతనముగాఁ జేయకయే బ్రహ్మకారణవాదము నిలుచునని చెప్పఁబడెను. పూర్వపక్షమును సిద్ధాంతముగాఁ బాఠము చెప్పుట కంటె శాస్త్రమునకు ద్రోహము వేఱొకటి లేదు.

తర్కమున నీ విషయము మఱింత నిష్కర్షగా నున్నది. తర్కసంగ్రహకర్తయగు నన్నంభట్టు తెలుఁగువాఁడని ప్రసిద్ధి. కాశికిఁ బోయినంతమాత్రమున నెవ్వఁడును అన్నంభట్టు గాఁడను లోకోక్తియు గలదు. అతని గ్రంథమునఁ బృథివి శరీరము, ఇంద్రియము, విషయము అని మూఁడు విధములు. జ్ఞానమున కాశ్రయ మాత్మ యొక్కటియే. మన్నునకు గంధమే గుణము గాని జ్ఞానము గుణము గాదు. ఇదే పండితుఁడు మహాభాష్యప్రదీపమునకు ఉద్ద్యోతనమను వ్యాఖ్యయు రచించెను. ఒకచేత శిలకు జ్ఞానము లేదను తర్కమును, వేఱొకచేత సర్వమును జేతనమను వికల్పమును బేర్కొను భాష్యసంప్రదాయమును బట్టిన తెలుఁగు పండితుఁ డతఁడు. ఒక శాస్త్రమున వికల్పముగాఁ జెల్లునది వేఱొక శాస్త్రమున సిద్ధాంతముగాఁ జెల్లదను వివేకము మన పాఠసంప్రదాయమున నుండెననుట కీ యొక్కని గ్రంథములే చాలును.

సర్వచేతనవాదమునకుఁ బ్రబలమగు నాక్షేపము ప్రాచ్యపాశ్చాత్యుల కుభయులకును సమానముగాఁ దోఁచినది. అవయవములందు వేఱువేఱుగాఁ జైతన్యమున్నచో శరీరమున నొక్క జ్ఞాత యెట్లుండును? భూతచైతన్యవాదమును ఖండించుచు నైయాయికులు, అట్లైన నొక్క శరీరమునఁ బెక్కు జ్ఞాతలుండవలసివచ్చునని దోషము చూపిరి. 1890 వ సంవత్సరమున విలియం జేమ్స్ తన మనశ్శాస్త్రగ్రంథమున నిదే దోషమును వేఱొక దృష్టాంతముతోఁ జూపెను: పండ్రెండు పదముల వాక్యమును విడఁదీసి పండ్రెండుగురకు నొక్కొక్క పదమును జెప్పినచో, వారు దగ్గఱగా నిలిచినను మొత్తము వాక్యము నెఱిఁగినవాఁ డొక్కఁడును నుండఁడు. ఈ దృష్టాంతము వైయాకరణులకుఁ గ్రొత్త గాదు. నశించు వర్ణములనుండి యర్థము పుట్టదని, వాక్య మఖండమని స్ఫోటవాదమున భర్తృహరి చెప్పినది యిట్టి చిక్కును గూర్చియే. ఆ మార్గమునఁ బోవువాఁడు చైతన్యమును రేణువులనుండి కూర్పఁడు. అఖండమును ముందుంచి భాగములను గల్పితములనును. అణువులనుండి పైకి వచ్చు సర్వచేతనవాదమునకును, అఖండమునుండి క్రిందికి దిగు నద్వైతమునకును దారులు పరస్పరము విరుద్ధములు. రెండును 'అంతయుఁ జైతన్యమే' యను నొక్కమాటతో ముగియుటచే నవి యొక్కటియని పొరపడుచున్నారు.

భౌతికశాస్త్రముతోడి సంబంధమునకు నయస్కాంతమే మంచి దృష్టాంతము. ఇనుమును గదలించుటచే నయస్కాంతమున కాత్మ గలదని గ్రీకుదేశపు థేలీసు తలఁచినట్లు అరిస్టాటిల్ వ్రాసెను. పతంజలి యుదాహరణమును నదియే. ఉప్పల్ బాటపై 1961 లో నేర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థ నేఁడు ఱాళ్ళ యయస్కాంతధర్మమును గొలిచి, యవి పూర్వము చల్లారినప్పుడు భూమి యయస్కాంతక్షేత్ర మెటు నిలిచియుండెనో తెలుపఁగలదు. ఱాయి తన పూర్వకాలమును నిలుపుకొన్నమాట నిజమే. దానిని జ్ఞాపకమనుట యుపమానము, మూఁడవ పక్షము. దిరిసెనయాకు ముడుచుకొనుటకు నాకుకాఁడ మొదటనున్న కణములలో నీటి యొత్తిడి మాఱుటయే కారణమని వృక్షశాస్త్రము చెప్పుచున్నది. జగదీశచంద్రబోసు 1901 మే 10 వ తేదీన లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో లోహములకును జీవకణజాలమునకును విద్యుత్ప్రతిస్పందనమునఁ గల సామ్యమును బ్రదర్శించి, 1902 లో గ్రంథముగాఁ బ్రకటించెను. లోహమునకు బడలిక వంటిది గలదని యతఁడు చూపెను. ప్రవృత్తిసామ్యమును జూపుట రెండవ పక్షము. అంతమాత్రమున ననుభవము సిద్ధింపదు. శాస్త్రజ్ఞుని సాధనము ప్రతిస్పందనమును గొలుచును. అనుభవము కొలఁతకు నందదు. కావున శాస్త్రము సర్వచేతనవాదమును స్థాపించినదనుటయుఁ దప్పు, ఖండించినదనుటయుఁ దప్పు.

ఈ విచారము పండితుల కాలక్షేపము మాత్రమే గాదు. ఒకప్పుడు పొలములుగా నున్న పోచారమున నేఁడు గణనయంత్రములతోఁ బనిచేయు సంస్థల యావరణములు వెలసినవి. ప్రశ్నకుఁ బ్రత్యుత్తర మిచ్చు యంత్రమునకుఁ జైతన్యము గలదా యని బాలు రడుగుచున్నారు. చాప యల్లువానిని జూచి యిచ్ఛ నూహించినట్లు, పలుకు యంత్రమును జూచి మనస్సు నూహించుట రెండవ పక్షము. యంత్రము చెప్పనన్నదని వాడుకగాఁ బలుకుట మొదటి పక్షము. తెలిసినట్లున్నదనుట మూఁడవది. దానికి సాక్షాత్తుగాఁ దెలియుననుట నాలుగవది. దీని నంగీకరించినవాఁడు యంత్రమునకుఁ గట్టిన గోడకును బల్లకును సైతము చైతన్య మొసఁగవలయును, లేదా యీ కూర్పునకే యది యేల కలుగునో చెప్పవలయును. 2004 లో గ్యూలియో టొనోని ప్రకటించిన సమాహితసమాచార సిద్ధాంత మీ రెండవ త్రోవఁ బట్టినది. దాని ననుసరించువారి మతమున సామాన్యగణనయంత్రము ఎంత చక్కఁగాఁ బలికినను జైతన్యము కలదని చెప్పరాదు. చేష్ట వేఱు, చైతన్యము వేఱని నైయాయికుఁడు చెప్పినమాట యిచట మరల వినఁబడుచున్నది.

దైవవిచారమునఁ గూడ నిట్టి వివేకమే ఫలించును. అణువణువునకుఁ దనదైన చైతన్యమున్నదన్నంత మాత్రమున నీశ్వరుఁడు సిద్ధింపఁడు. జైనులు పృథివీజలములందు జీవుల నంగీకరించియు జగత్కర్తను నిరాకరించిరి. నైయాయికులు మన్నును జడమనియు, నట్టి జడమును గూర్చుటకుఁ జేతనుఁడగు కర్త కావలయుననియు వాదించిరి. జడత్వమే వారికి నీశ్వరసాధనమున కాధారమైనది. ఱాతిని జేతనము చేసినచో భక్తి పెరుగునని తలఁచువా రీ చరిత్రను మఱువరాదు.

కావున సర్వచేతనవాదము మన పూర్వులకుఁ దెలియనిదని యెవ్వరు నననక్కఱలేదు. అది వారందఱి మతమనియు ననరాదు. వారు దాని నెఱిఁగిరి, పేర్కొనిరి, వాదించిరి, కొందఱు కొంత మేర గ్రహించిరి, పెక్కురు కారణములు చూపి విడిచిరి. విద్యార్థికిఁ జెప్పవలసినది ముగింపుమాట గాదు, ఆ నాలుగు పక్షములును వానికిఁ గల కారణములును. ఏటిగట్టు పడఁగోరుచున్నదని చదివిన బాలుఁడు 'గట్టునకుఁ గోరిక గలదా?' యని యడిగినప్పుడు, కలదని కాని లేదని కాని యొక్క ముక్కతోఁ ద్రోసివేయక, కాత్యాయనుఁడు నిలిచినచోట వానిని నిలిపినచో నా గురువు పూర్వులకు న్యాయము చేసినవాఁడగును.